రైతుకు అండా, ఇంటికి కూరల సరఫరానా?

సంపాదకులకు నమస్కారం.

వారానికోసారి కూరగాయల బుట్ట ఇంటికి పంపే సభ్యత్వ పథకాలు హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో కనిపిస్తున్నాయి. వాటిలో చేరేవారు ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి: మనం కట్టే డబ్బు విత్తనం వేసేనాటికే రైతు చేతికి అందుతుందా, లేక కోత అయ్యాక ఆనాటి మార్కెట్ ధరకే నిర్వాహకులు సరుకు కొంటున్నారా? రెండోదయితే అది ఇంటికి కూరల సరఫరా మాత్రమే. అందులో తప్పు లేదు గానీ, దాన్ని రైతుకు అండ అనుకోవడం సరికాదు.

పత్తికొండలో టమాటా కిలో రూపాయికి పడిపోయి, కోత కూలి కూడా గిట్టక రైతులు పంటను పారబోసిన వార్తలు ఎన్నోసార్లు చదివాం. 2023 జులైలో అదే టమాటా కిలో 150 రూపాయలు దాటింది. సీజన్ మొదట్లో కుదిరిన ధరకు ఇరుపక్షాలూ కట్టుబడితేనే ఇలాంటి సమయాల్లో రైతు, కొనుగోలుదారు ఇద్దరూ నిలదొక్కుకుంటారు. అయితే వాయుగుండం వచ్చి మడులు మునిగిన వారం బుట్టలో ఆకుకూర లేకపోతే డబ్బు వాపసు అడగకుండా ఉండే ఓర్పు మనకూ ఉండాలి. నష్టంలో పాలు పంచుకోని సభ్యత్వం నాకు అర్థం లేనిదిగానే తోస్తుంది.

బుట్టలోని కూరలను చూసినా చాలా తెలుస్తుంది. మే నెలలో దోస, బీర, సొర, గోరుచిక్కుడు రావడం సహజం. అదే నెలలో పాదు చిక్కుడు, కాలీఫ్లవర్ వస్తే అవి ఏ ఊరి పొలంలోవో అడగడం మన హక్కు. రైతు ఊరూ పేరూ చెప్పడానికి, పొలం చూడనివ్వడానికి వెనుకాడే పథకాన్ని వదులుకోవడమే మంచిది. సేంద్రియమని చెబితే పీజీఎస్ ధ్రువీకరణ ఉందో లేదో కనుక్కోవాలి. కనీసం అయిదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది. చిన్న కమతాల వారికి ఖరీదైన ధ్రువీకరణలకన్నా అందుబాటులో ఉంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన రైతు బజార్లు దళారీ లేని అమ్మకానికి దారి చూపాయి. ఇలాంటి రైతు బృందాలు వారంలో ఒక పూట తమ సభ్యులకు బుట్టలు పంచుకునేందుకు అక్కడే కొంత చోటు కేటాయిస్తే, ఇంటింటికీ తిరిగే రవాణా ఖర్చు వారికి తగ్గుతుంది. మార్కెటింగ్ శాఖ అధికారులు ఈ విషయం పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ