‘అర్థమైందా?’ అని అడిగితే సరిపోదు

సంపాదకులకు,

కాలేజీ పిల్లలు క్లాసులో ఫోన్లు చూసుకుంటున్నారనీ, హాజరు కోసం తప్ప పాఠం కోసం రావడం లేదనీ పెద్దలు బాధపడుతున్నారు. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పిల్లల్ని తప్పుపట్టే ముందు మనం పాఠం చెప్పే తీరును ఒకసారి చూసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చాలా ఏళ్లు నేను ప్రతి క్లాసులో “అర్థమైందా?” అని అడిగేవాణ్ణి. ముందు వరుసలో నలుగురు “అయింది సార్” అనేవారు. నేను బోర్డు తుడిచేసి ముందుకెళ్లేవాణ్ణి. పేపర్లు దిద్దేటప్పుడు తెలిసేది, ఆ నలుగురికీ కూడా అంతంతమాత్రంగానే ఎక్కిందని. నాకు అర్థం కాలేదని వంద మంది ముందు లేచి చెప్పాలంటే ఎవరికైనా టెన్షనే. పైగా ఏది అర్థం కాలేదో చెప్పడానికైనా కొంత అర్థమై ఉండాలి కదా.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్‌కు 1990 ప్రాంతంలో ఇలాంటి అనుభవమే ఎదురైంది. ఆయన బాగా చెబుతారని పేరుంది. విద్యార్థులు కష్టమైన లెక్కలు కూడా చేసేవారు. అయినా, లారీ కారును గుద్దితే దేని మీద ఎక్కువ బలం పడుతుంది అన్నలాంటి మామూలు ప్రశ్నల దగ్గర చాలామంది తడబడ్డారు. రెండింటి మీదా పడే బలం సమానమే. న్యూటన్ మూడో సూత్రం అప్పజెప్పమంటే అందరూ అప్పజెబుతారు, లారీ కనిపించేసరికి మరిచిపోతారు.

ఆయన పద్ధతి మార్చారు. కాసేపు పాఠం చెప్పి ఒక ప్రశ్న ఇస్తారు. ముందు ఎవరికి వారే ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ చెప్పాలి. ఇప్పుడిప్పుడే అర్థం చేసుకున్న పిల్లవాడికి తాను ఎక్కడ చిక్కుకున్నాడో ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న లెక్చరర్‌కు అది గుర్తుండదు. నా సర్వీసు చివరి ఐదేళ్లలో దీన్ని నేనూ మొదలుపెట్టాను. క్లాసులో గోల పెరిగింది. కానీ ఆ గోల పాఠం గురించే.

ఇలా చేస్తే సిలబస్ పూర్తి కాదని తోటి లెక్చరర్లు అంటారు. వాళ్ల భయం నిజమైనదే, యాజమాన్యాలు అడిగేది ‘ఎన్ని యూనిట్లు అయ్యాయి’ అనే కాబట్టి. అయితే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. రెండు పెద్ద సెక్షన్లకు ఒకే పాఠం వారం రోజులు చెప్పారు. ఒక దానిలో మంచి పేరున్న సీనియర్ ప్రొఫెసర్ లెక్చర్ ఇచ్చారు. రెండో దానిలో అంత అనుభవం లేని వ్యక్తి, ఈ పద్ధతిలో శిక్షణ పొంది, ప్రశ్నలతో, చర్చలతో చెప్పారు. తర్వాత పెట్టిన పరీక్షలో మొదటి సెక్షన్ సగటు 41 శాతం, రెండో దానిది 74 శాతం. హాజరు కూడా రెండో దానిలోనే పెరిగింది.

యాజమాన్యాలు గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. 2019లో హార్వర్డ్‌లో జరిగిన మరో పరిశోధనలో, చర్చలతో నడిచిన క్లాసుల విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు. కానీ తాము తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు! సాఫీగా సాగిన లెక్చర్ వింటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. బుర్ర పెట్టి కష్టపడితే ఏమీ రానట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు ఏడాది చివర విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఒక్కటే చూసి లెక్చరర్‌కు మార్కులు వేస్తే, కొత్తగా ప్రయత్నించినవాళ్లే నష్టపోతారు.

లెక్చర్లు మానేయాలని నేను అనడం లేదు. ఒక సూత్రం ఎలా పుట్టిందో బోర్డు మీద మెట్టు మెట్టుగా రాసి చూపించడానికి మించింది లేదు. స్లైడ్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించడం మాత్రం పిల్లల సమయం వృథా చేయడమే.

కాలేజీలను నేను కోరేవి పెద్దవేమీ కావు. బోధనలో చేరే ప్రతి కొత్త లెక్చరర్‌కు పాఠం చెప్పడంలో శిక్షణ ఇవ్వండి. పీహెచ్‌డీ ఉంటే సబ్జెక్టు వస్తుంది, చెప్పడం దానంతటది రాదు. మొదటి రెండేళ్లు యూనిట్ల లెక్క అడిగి ఒత్తిడి పెట్టకండి. వంద మందిని ఒకే గదిలో కూర్చోబెట్టేటప్పుడు ట్యుటోరియల్ గంటలు తప్పకుండా ఉంచండి.

లెక్చరర్లకు ఒక్క మాట. క్లాసు చివరి మూడు నిమిషాలు పాఠం ఆపి, ఈ రోజు అర్థం కానిదేదో పేరు లేకుండా చీటీ మీద రాసి ఇమ్మనండి. నేను మొదటిసారి ఆ పని చేసిన రోజు సగానికి పైగా చీటీల్లో ఒకటే విషయం ఉంది. ‘ఇది తేలికే’ అని నేను దాటేసిన మెట్టు అది. మర్నాడు మొదటి పావుగంట దానికే ఇచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు