చదవవలసిన పుస్తకం, తీసివేసిన పటం: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన గ్రంథాలయంలో కవుల పటాలున్న గోడ మీది నుంచి చిలీ దేశపు కవి పాబ్లో నెరూడా పటాన్ని గత నెలలో తీయించాను. ఆయన కవితల తెలుగు అనువాదాలు మాత్రం అరలోనే ఉన్నాయి, పదో తరగతి పఠన బృందం వాటిని చదువుతూనే ఉంది. ఈ రెండు పనులకూ పొంతన లేదని కొందరు తల్లిదండ్రులు నాకు ఉత్తరాలు రాశారు. అటువంటి మనిషి పుస్తకాలను పిల్లల చేతికి ఎందుకిస్తున్నారని కొందరు అడిగితే, గొప్ప కవి సొంత జీవితాన్ని తవ్విపోసి పిల్లల మనసులు ఎందుకు పాడుచేస్తున్నారని మరికొందరు అడిగారు. ఇరువైపులా నాకు కనిపించింది పిల్లల మీద ఉన్న శ్రద్ధే. అందువల్ల ఈసారి వార్తాలేఖను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను. పరీక్షల కాలపట్టిక మీకు విడిగా అందుతుంది.

ముందుగా జరిగిందేమిటో చెప్పాలి. నెరూడా 1929లో చిలీ దేశపు దౌత్య ప్రతినిధిగా కొలంబోలో పనిచేస్తూ, సముద్రపు ఒడ్డున వెల్లవత్తలో ఒక బంగళాలో ఉండేవాడు. ఆ ఇంటి మరుగుదొడ్డిని ప్రతి ఉదయం శుభ్రం చేసి, మలాన్ని మోసుకుపోయే పని ఒక తమిళ స్త్రీది. అంటరానిదిగా లోకం దూరం పెట్టిన కులంలో పుట్టిన మనిషి ఆమె. నెరూడా ఇచ్చిన కానుకలను ఆమె కన్నెత్తి చూడలేదు, అతని పిలుపులకు బదులు పలకలేదు. ఒక ఉదయం అతడు ఆమె మణికట్టు పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయాడు. ఇది శత్రువులు పుట్టించిన పుకారు కాదు. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, 1974లో, వెలువడిన ఆత్మకథలో ఆయనే రాసిన సంగతి. ఆమె తనను అసహ్యించుకోవడం న్యాయమేనని కూడా అందులో ఒప్పుకున్నాడు. దీనికి మనం వాడవలసిన మాట అత్యాచారమే.

అదే నెరూడా 1939లో, అంతర్యుద్ధంలో ఓడి ఫ్రాన్సు శిబిరాల్లో మగ్గుతున్న స్పెయిన్ కాందిశీకులను రెండు వేల మందికి పైగా విన్నిపెగ్ అనే ఓడలో చిలీకి చేర్చడానికి పూనుకున్నాడు. 1971లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన భాషలో రెండు మూడు తరాల అభ్యుదయ కవులు ఆయన్ను ఆత్మబంధువుగా చదువుకున్నారు. ఓడలో వెళ్లిన ఆ కుటుంబాల కృతజ్ఞత నిజం, కొలంబోలో ఆ స్త్రీ అనుభవించినదీ నిజం. ఒకదాన్ని రెండోదాని ఖాతాలో జమ వేసి లెక్క సరిచేసే అధికారం మనకెవరికీ లేదని నేను నమ్ముతాను. జమ వేయదలచినా, ఆ పద్దును మాఫీ చేయగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె మాట ఎక్కడా నమోదు కాలేదు.

పిల్లలకు ఈ సంగతి ఎందుకు చెప్పాలన్న ప్రశ్నకు సాహిత్యం చెప్పే ఉపాధ్యాయినిగానే సమాధానం చెబుతాను. ఆత్మకథలోని ఆ భాగం చాలా అందంగా రాసినది. అందులో ఆ స్త్రీ నడక, ఒంటి రంగు, నగలు వర్ణించబడ్డాయి. దేవతలతో పోలిక ఉంది, శిల్పంతో పోలిక ఉంది. ఆమె పేరు లేదు, ఆమె నోట ఒక్క మాట లేదు. చదివేవారి దృష్టి ఉపమానం మీద నిలిచేసరికి, కదలకుండా కళ్లు తెరిచి పడి ఉన్న ఒక మనిషి రాతి బొమ్మగా మారిపోయింది. అలంకారాన్ని గుర్తించడం మనం ఆరో తరగతి నుంచే నేర్పుతున్నాం. ఆ అలంకారం దేన్ని చూపిస్తోంది, దేన్ని కప్పేస్తోంది, ఎవరి గొంతును లేకుండా చేస్తోంది అని అడగగలగడం పదో తరగతికి రావలసిన విద్య. ప్రతిభావంతుడైన రచయిత దగ్గర ఈ విద్య మరింత అవసరం, ఎందుకంటే చేతకాని వాక్యం ఎవరినీ మాయ చేయలేదు. మూలపాఠాన్ని మేము పిల్లల చేతికి ఇవ్వలేదు. వారి వయసుకు తగిన మాటల్లో మా ఉపాధ్యాయులు సంగతి వివరించారు. దాని వెంటనే జాషువా ‘గబ్బిలం’ చదివించారు. ఊరు వెలివేసిన మనిషి తన గోడును కాశీ విశ్వనాథుడికి గబ్బిలం ద్వారా పంపుకున్న ఆ కావ్యంలో, లోకం అంటరానివాడన్న మనిషికి గొంతు ఉంది, పద్యం ఉంది, దేవుణ్ణి నిలదీసే ధైర్యం ఉంది. ఈ రెండింటినీ ఒకే వారంలో చదివిన పిల్లలకు కొలంబో స్త్రీ మౌనం ఎంత బరువైనదో మేము ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం రాలేదు.

కళనూ కళాకారుణ్ణీ వేరుచేసి చూడాలన్న మాట తరచుగా వింటుంటాం. ఈ మాట ప్రతిచోటా ఒకే విధంగా వర్తించదు. చేసిన తప్పుకూ చేతిలోని కృతికీ మధ్య ఎంత దూరముందో ముందు చూసుకోవాలి. నెరూడాకు పేరు తెచ్చిన ప్రేమ కవితల సంపుటి 1924లో వచ్చింది, కొలంబో సంఘటనకు అయిదేళ్ల ముందు. అందులోని సముద్రం, రాత్రి, ఎడబాటు ఆ స్త్రీని వాడుకుని పుట్టినవి కావు. చిత్రకారుడు పాల్ గోగాన్ విషయం అలా కాదు. 1891లో, నలభై మూడేళ్ల వయసులో, భార్యాబిడ్డలను యూరప్‌లో విడిచి తాహితీ ద్వీపానికి వెళ్లి, సుమారు పదమూడేళ్ల తెహమానా అనే బాలికను భార్యగా పెట్టుకున్నాడు. 1893లో అతడు గీసిన ఆమె చిత్రం నేడు షికాగో చిత్రశాలలో ఉంది. ఆ రంగుల కూర్పు ఆధునిక చిత్రకళను మలుపు తిప్పిందన్నది నిజమే. అయితే అక్కడ తప్పు చిత్రం వెలుపల లేదు, చట్రం లోపలే కూర్చుని మనవైపు చూస్తోంది. 2019లో లండన్ నేషనల్ గ్యాలరీ అతని చిత్రాలను ప్రదర్శించినప్పుడు, ఆ బాలికలతో అతని సంబంధాలను చిత్రాల పక్కనే సందర్శకులకు వివరించింది. నాకు అది సరైన పద్ధతిగా తోచింది. చిత్రాన్ని దాచలేదు, పిల్లనూ దాచలేదు.

ఇంకొక కొస కూడా ఉంది. ఎరిక్ గిల్ అనే ఆంగ్ల శిల్పి 1920లలో రూపొందించిన గిల్ శాన్స్ అనే ఇంగ్లిషు అచ్చు అక్షరాలను ఎన్నో పుస్తకాల అట్టల మీద చూసి ఉంటాం. ఆయన తన కూతుళ్లపైనే లైంగిక అకృత్యాలకు పాల్పడ్డాడని, ఆయన దినచర్య పుస్తకాల ఆధారంగానే 1989లో ఒక జీవిత చరిత్ర బయటపెట్టింది. ఒక అక్షరం వంపులో ఆ నేరం జాడ ఎవరికీ కనిపించదు. అయినా పిల్లల సంరక్షణ కోసం పనిచేసే సేవ్ ద చిల్డ్రన్ సంస్థ ఆ అక్షరాలను ఇక వాడబోమని 2022లో ప్రకటించింది. అక్షరం అపవిత్రమైందని కాదు, తాము ఎవరి పక్షాన నిలబడ్డారో ఆ పిల్లల పట్ల గౌరవంతో తీసుకున్న నిర్ణయమది. ఒక వ్యాపార సంస్థ అదే అక్షరాలను వాడుకుంటే నేను ఆక్షేపించను. సేవ్ ద చిల్డ్రన్ వాడకపోవడాన్ని మాత్రం మనసారా సమర్థిస్తాను.

కొలతలో పొరపాటు జరిగితే ఎంత నష్టమో మన సాహిత్య చరిత్రే చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. ఆమె వేశ్యాకులంలో పుట్టిందన్న సంగతినీ, కావ్యంలోని శృంగారాన్నీ కలిపి కందుకూరి వీరేశలింగం తీవ్రంగా నిందించారు. వితంతు వివాహాల కోసం ఊరందరినీ ఎదిరించిన మహనీయుడి కలం నుంచే ఆ నింద వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురింపజేస్తే, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఎత్తివేసేవరకు ఆ నిషేధం కొనసాగింది. ముద్దుపళని ఎవరికి హాని చేసింది? ఎవరి ఇష్టానికి విరుద్ధంగా ఎవరిని ముట్టుకుంది? సంఘం గీసిన గీత దాటడం వేరు, సాటి మనిషిని గాయపరచడం వేరు. నీతి అనే ఒకే మాట కింద ఈ రెండింటినీ చుట్టిపెట్టినప్పుడల్లా శిక్ష బలహీనుల మీద, ఎక్కువగా స్త్రీల మీద పడింది. అందువల్ల రచయితల తాగుడు, అప్పులు, పెళ్లిళ్లు, నాస్తికత్వం మన తరగతి గదుల్లో విచారణకు రావు. మరొక మనిషికి జరిగిన హాని మాత్రం వస్తుంది.

ఇక పటం సంగతి. పుస్తకం తెరిచిన పిల్లవాడు కవితో వాదిస్తాడు, విభేదిస్తాడు, పేజీ తిప్పేస్తాడు. గోడ మీది పటంతో వాదించడానికి వీలులేదు. గురుపూజోత్సవం నాడు మనం ఆ పటాలకు దండలు వేసి, పిల్లల చేత నమస్కారం చేయిస్తున్నాం. 2018లో చిలీ పార్లమెంటు సంఘం ఒకటి శాంటియాగో విమానాశ్రయానికి నెరూడా పేరు పెట్టాలని ప్రతిపాదించినప్పుడు అక్కడి స్త్రీలు అభ్యంతరం చెప్పింది ఈ రకమైన గౌరవానికే. ఆ పేరు పెట్టలేదు. ఆయన కవితలు ఆ దేశపు పుస్తకాల దుకాణాల్లో నేటికీ దొరుకుతాయి. మా గోడ మీద ఆ స్థలంలో ఇప్పుడు ఆయన కవిత ఒకటి తెలుగులో, అనువాదకుల పేరుతో సహా ఉంది. మిగిలిన పటాల విషయంలో ఏం చేయాలో తెలుగు ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సంఘ సభ్యులు కూర్చుని ఈ సంవత్సరంలోనే నిర్ణయిస్తారు.

చదవలేనన్న బిడ్డను మేము బలవంతపెట్టం. యూదుల పట్ల ద్వేషంతో వ్యాసాలు రాసిన జర్మన్ సంగీతకర్త వాగ్నర్ సంగీతాన్ని 2001లో జెరూసలేంలో వాద్యబృంద నిర్దేశకుడు డానియల్ బారెన్‌బాయిమ్ వినిపించబోయే ముందు, వినలేనివారు వెళ్లిపోవచ్చని శ్రోతలతో చెప్పి, వారితో చాలాసేపు చర్చించాడు. కొందరు కోపంగా లేచిపోయారు, ఎక్కువమంది ఉండి విన్నారు. లేచిపోయినవారికి సంగీతం తెలియదని ఎవరూ అనలేరు. అలాగే మా పఠన బృందంలో నెరూడా వద్దనుకున్న విద్యార్థికి వేరే కవిని ఇస్తాం, కారణం అడగం. ఆ వద్దనడం వెనుక ఏ అనుభవం ఉందో మనకు తెలియకపోవచ్చు.

ఈ చర్చ అంతటిలో నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది కవుల గురించి కాదు, మన ఆవరణ గురించి. ప్రతిభ ఉన్నవాడికి కొంత చూసీచూడనట్లు పోవాలన్న అలవాటు మహాకవులతో మొదలు కాదు. బాగా పాడే పిల్లవాడు తోటివాణ్ణి ఏడిపిస్తే ‘కళాకారుడు కదా, కాస్త చపలచిత్తుడు’ అని సర్దుకోవడంతో, పతకాలు తెచ్చే శిక్షకుడి గురించి ఒక అమ్మాయి ఇబ్బందిగా ఏదో చెప్పబోతే ‘ఆయన వల్లనే కదా మనకు ఇంత పేరు’ అని నోరు నొక్కేయడంతో మొదలవుతుంది. మన పాఠశాలలో ఫిర్యాదు వచ్చిన రోజున ఆ వ్యక్తి ప్రతిభ గురించి, బహుమతుల గురించి ఒక్క మాట కూడా విచారణలో చర్చకు రాకూడదని సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశించాను. ఫిర్యాదు నిజమో కాదో తేల్చడానికి పద్ధతి ఉంది. దాన్ని తొక్కిపెట్టడానికి మాత్రం ఎవరికీ అధికారం లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలపాలి. తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలపని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. ఆ బాధ్యత ఇక్కడ నాదే. పాఠశాలకు చెప్పడానికి మీకు గానీ పిల్లలకు గానీ సంకోచమైతే పిల్లల సహాయవాణి 1098 నంబరుకు నేరుగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు ప్రతి తరగతి గదిలోనూ రాసి ఉంది.

ఇంట్లో మీరు మెచ్చే గాయకుడి గురించో నటుడి గురించో పిల్లలు ఇటువంటి ప్రశ్న వేస్తే, ‘పెద్దవాళ్ల సంగతులు నీకెందుకు’ అనకుండా, మీకు తెలిసినదీ తెలియనిదీ చెప్పండి. పాటను ఆపేయాలనిపిస్తే ఆపేయండి, వినాలనిపిస్తే వినండి, ఎందుకో వారితో మాట్లాడండి. ఆరోపణకూ రుజువుకూ తేడా కూడా ఆ మాటల్లోనే వారికి తెలుస్తుంది. ఈ నెల చివరి శనివారం మధ్యాహ్నం గ్రంథాలయంలో తల్లిదండ్రుల సమావేశం ఏర్పాటు చేశాం. నాకు ఉత్తరాలు రాసినవారు తప్పక రావాలని కోరుతున్నాను. నెరూడా అనువాదాలు, ‘గబ్బిలం’, ‘రాధికా సాంత్వనము’ ప్రతులు బల్ల మీద ఉంచుతాం. ముందుగా చదవాలనుకునేవారు గ్రంథాలయం నుంచి ఒక వారానికి ఇంటికి తీసుకువెళ్లవచ్చు.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు