ఇరాక్‌లోని ఎర్బిల్‌లో ఉన్న మా తమ్ముడి కోసం: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2020 జనవరి 3న బాగ్దాద్ ఎయిర్‌పోర్టు దగ్గర అమెరికా డ్రోన్ దాడిలో ఇరాన్ కమాండర్ ఖాసిం సులేమానీ చనిపోయారు. ఆయనతో పాటు ఇరాక్ మిలీషియా నాయకుడు అబూ మహదీ అల్ ముహందిస్ కూడా. సులేమానీ ఎలాంటివాడో తేల్చడం నా పని కాదు. కానీ ఆ దాడికి ప్రతీకారంగా 8వ తేదీన ఇరాన్ క్షిపణులు ఇరాక్‌లో అమెరికా సైనికులున్న ఐన్ అల్ అసద్ స్థావరం మీద, ఎర్బిల్ వైపు పడ్డాయి. అదే రోజు టెహ్రాన్ దగ్గర ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని ఇరానే పొరపాటున కూల్చేసింది. 176 మంది! వాళ్లకీ ఈ పగకీ ఏం సంబంధం?

మాది జగిత్యాల దగ్గర పల్లె. తమ్ముడు ఎర్బిల్‌లో కూలి పని చేస్తున్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసి "అన్నా, అమ్మకు చెప్పకు" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది, అంతా వింది. అప్పటినుంచి ఫోన్ కొంగున కట్టుకునే తిరుగుతోంది.

జాగ్రత్తగా ఉండమని మీ శాఖ చెప్పింది, మంచిదే. కానీ ఏజెంట్ మోసంతో వాడి వీసా గడువు ఎప్పుడో దాటింది. జరిమానా కడితే తప్ప బయటకు రానివ్వరు. అప్పే ఇంకా తీరలేదు, జరిమానా ఎక్కడినుంచి తేవాలి? అక్కడి ప్రభుత్వంతో మాట్లాడి ఆ జరిమానా మాఫీ చేయించండి, టికెట్ ఇప్పించండి.

ఇట్లు,
ఒక గల్ఫ్ కార్మికుడి అన్న