ఊపిరి యంత్రం విషయమై సుధకు నాన్న ఉత్తరం

చి.సౌ. సుధకు,

ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరమూ క్షేమం. నీ దగ్గర నుంచి కబురు లేక చాలా రోజులైందన్న కారణంతో ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోవద్దు. మేడమీది గది తలుపు ఎట్టకేలకు బాగుచేయించామనీ, అన్నయ్య బదిలీ కాగితాలు చేతికి వచ్చాయనీ, మీ అమ్మ కళ్లద్దాలు మార్చుకుని పాతవే నయమంటోందనీ తెలియజేయడానికే కూర్చున్నాను. అన్నట్టు, మొన్న ఫోనులో బంటిగాడు ఎవరూ అడగకుండానే, "తాతయ్యా, అమ్మ ఏనుగు తొండం బీరువా మీద పెట్టెలో పడుకుంది" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా ప్రసాదు ఫోను అందుకుని అక్కడి వానల సంగతి ఎత్తాడు. నేనూ వానల గురించే మాట్లాడి పెట్టేశాను.

పసివాడి మాట పట్టుకుని ఆరా తీసే అలవాటు నాకు లేదు. వాడు తొండం అన్నది, నిద్రలో మాస్కు గుండా గాలి పంపే నీ సీప్యాప్ యంత్రం గొట్టమే అయివుండాలన్న నియమమూ లేదు. అయితే తలుపు తాలూకు రసీదు కోసం సొరుగు వెతుకుతుంటే నీ నిద్ర పరీక్ష రిపోర్టు నకలు చేతికి తగిలింది గనుక, దాన్ని మరొకసారి మొదటి నుంచి చివరి వరకూ చదివాను. ఏహెచ్ఐ 22 అని ఉంది. అంటే నిద్రలో గంటకు 22 సార్లు నీ ఊపిరి పూర్తిగా ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతున్నదన్న మాట. అదీ కనీసం 10 సెకన్ల పాటు సాగినవాటినే లెక్కలోకి తీసుకుంటారు. 5 నుంచి 15 లోపైతే స్వల్పమనీ, 15 నుంచి 30 లోపైతే మధ్యస్థమనీ, 30 దాటితే తీవ్రమనీ అంటారు. నీకు పెద్దగా గురక లేదు గనుక ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పొద్దున్నే తలనొప్పి, మధ్యాహ్నానికే నీరసం, చిన్న మాటకే విసుగు, అన్నింటినీ ఆఫీసు పని ఖాతాలో రాసేశాం. ఆడవాళ్లలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు, తరచు ఈ వేషంలోనే వస్తుందనీ, అందుకే ఆలస్యంగా బయటపడుతుందనీ డాక్టరుగారు చెప్పినప్పుడు నువ్వు నా వైపు చూసి నవ్వావు. ఆ నవ్వు నాకు గుర్తుంది.

సరే, ఆ సంగతి వదిలేస్తాను. కిందటి వారం చిన్నబాబాయి, పిన్ని వచ్చి రెండు రాత్రులు ఉండి వెళ్లారు. బాబాయి తన యంత్రాన్ని ప్రత్యేకమైన సంచిలో పెట్టుకుని, దాన్ని మరెవరికీ మోయడానికి ఇవ్వకుండా తెచ్చుకున్నాడు. ఇప్పుడిలా ఉన్న మనిషి మొదట్లో ఎలా ఉండేవాడో నీకు తెలియదు. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. వాడిది తీవ్రమైన రకం. పక్కగదిలో పడుకున్నవాళ్లకు కూడా గురక వినబడేది. పిన్నిని భయపెట్టింది మాత్రం గురక కాదు, అది ఉన్నట్టుండి ఆగిపోయినప్పటి నిశ్శబ్దం. వాడు మళ్లీ ఊపిరి లాక్కునే దాకా తనూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదట.

యంత్రం వచ్చిన మొదటి రాత్రి మాస్కు అంచు నుంచి గాలి బుస్సుమని నేరుగా కంట్లోకి కొట్టింది. మన బాబాయి సంగతి తెలిసిందే కదా, పంపు కారుతుంటే బిరడా బిగించినట్టు పట్టీలు బిగించాడు. లీకు ఎక్కువైంది. ఇంకా బిగించాడు. తెల్లవారేసరికి ముక్కు దూలం మీద ఎర్రటి గాటు, చెంపల మీద పట్టీల చారలు, ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. అమ్మినవాళ్లకు ఫోను చేసి, పాడైపోయిన సరుకు అంటగట్టారని కేకలు వేశాడు. వాళ్లు ఒక టెక్నీషియన్ కుర్రవాణ్ణి పంపించారు. అతను వాదన పెట్టుకోకుండా బాబాయిని మంచం మీద పడుకోబెట్టి, యంత్రం నడిపించి, గాలి పూర్తి ఒత్తిడికి వచ్చాక పట్టీలన్నింటినీ వదులు చేశాడు. "ఊడిపోతుందయ్యా" అని బాబాయి గోల పెడుతున్నా వినిపించుకోక, మాస్కును మొహం మీద నుంచి కొద్దిగా పైకి లాగి నెమ్మదిగా వదిలాడు. బుస ఆగిపోయింది. ఆ సిలికాన్ మెత్తలో రెండు పొరలుంటాయనీ, లోపలికి గాలి చేరి పైపొర ఉబ్బి చర్మానికి అతుక్కుంటేనే లీకు ఆగుతుందనీ, బిగించి నొక్కేస్తే ఆ పొర ఉబ్బలేదనీ అతను వివరించాడట. కూర్చున్నప్పుడు సరిపోయిన మాస్కు పడుకుంటే సరిపోదు, ఎందుకంటే పడుకోగానే మొహం కండలు పక్కలకు జారి దాని ఆకారమే మారుతుంది. అందుకే పడుకుని, గాలి ఆడుతుండగా సర్దుకోవాలి.

బాబాయి అంతటితో దారికి వచ్చాడనుకుంటే పొరపాటు. తరువాత నోరు ఎండిపోతోందన్నాడు. వాడిది ముక్కు మాత్రమే కప్పే మాస్కు. నిద్రలో నోరు తెరుచుకుంటే వచ్చిన గాలంతా అటు నుంచి పోతుంది, గొంతు పిడచకట్టుకుపోతుంది. ముక్కు దిబ్బడ ఉందేమో ముందు చూసుకోవాలి, ఎందుకంటే ముక్కు మూసుకున్నవాడు నోటితో పీల్చక ఏం చేస్తాడు? దానికి ఉప్పునీటి స్ప్రే, తేమ పెంచుకోవడం ఉన్నాయి. అప్పటికీ తగ్గకపోతే గడ్డం కింద పట్టీనో, ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్కో వాడాలి. వాడికి చివరకు పెద్ద మాస్కే నప్పింది. ఆ తరువాత ఇంకొక రభస. తేమ మంచిదన్నారు కదా అని, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్‌ను ఆఖరి అంకె మీద పెట్టి, చల్లటి గదిలో ఫ్యాను కింద పడుకున్నాడు. వెచ్చటి ఆవిరి చల్లబడ్డ గొట్టంలో నీరై, అర్ధరాత్రి గుడగుడమని చప్పుడు చేసి, చుక్కలు చుక్కలుగా ముక్కులోకి దిగింది. "నన్ను ముంచి చంపడానికే దీన్ని చేశారు" అంటూ నాకు ఆ వేళప్పుడు ఫోను చేశాడు. తేమ ఒక మెట్టు తగ్గించి, యంత్రాన్ని మంచం ఎత్తుకన్నా కిందికి దించి, గొట్టాన్ని దుప్పటి లోపలి నుంచి తీసుకుంటే ఆ బెడద పోయింది. దానంతట అదే వేడెక్కే గొట్టాలు కూడా ఉన్నాయట. ఇప్పుడు వాడు కనబడ్డ ప్రతి గురక మనిషికీ సలహాలిస్తున్నాడు, భరించలేకపోతున్నాం.

ఈ కథ ఇంత పొడుగ్గా ఎందుకు రాశానో నాకే తెలియదు. నీకు ఇబ్బంది ఎక్కడ వచ్చిందో చెప్పకపోతే ఊహించుకోవడం తప్ప నాకు మరో దారి లేదు. లీకు అయితే పైన రాశాను. నోరు ఎండడం అయితే అదీ రాశాను. ఊపిరాడనట్టు, మొహాన్ని ఎవరో మూసేసినట్టు అనిపించిందా? చిన్నప్పుడు దుప్పటి మొహం మీదకు వస్తే లేచి కూర్చునే పిల్లవి నువ్వు, అందుకని అడుగుతున్నాను.

జీవితమంతా పిల్లలకు పీడనం పాఠం చెప్పినవాణ్ణి గనుక ఈ ఒక్క ముక్క నన్ను చెప్పనివ్వు. ఆ యంత్రం ఆక్సిజన్ ఇవ్వదు. గదిలో ఉన్న గాలినే వడకట్టి కొద్దిపాటి ఒత్తిడితో పంపుతుంది. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనుక భాగం, కొండనాలుక దగ్గరి మెత్తటి భాగం వెనక్కు వాలి దారి మూసుకుపోతుంటే, ఈ ఒత్తిడి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు, యంత్రాలు సాధారణంగా 4 నుంచి 20 వరకూ ఇస్తాయి. 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి అంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో సుమారు ఒక శాతమే. అయినా మేలుకుని ఉన్నప్పుడు దానికి ఎదురుగా ఊపిరి వదలడం కష్టంగా తోస్తుంది, కాదనను. అందుకే ర్యాంప్ అనే ఏర్పాటు ఉంది: తక్కువ ఒత్తిడితో మొదలై, నీకు నిద్ర పట్టే వ్యవధిలో మెల్లగా పెరుగుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గించే అమరిక కూడా చాలా యంత్రాల్లో ఉంటుంది. నీ దానిలో అవి పనిచేస్తున్నాయో లేదో క్లినిక్కులో అడిగావా? మాస్కు మీద సన్నటి రంధ్రాలుంటాయి చూడు, నువ్వు వదిలిన గాలి వాటిలోంచే బయటకు పోతుంది. అక్కడి నుంచి వచ్చే గాలిని లీకు అనుకుని పొరపాటున కూడా మూయవద్దు.

మరొక ఉపాయం ఉంది, దానికి డాక్టరు అనుమతి కూడా అక్కర్లేదు. రాత్రి పక్క మీద కాక, సాయంత్రం కుర్చీలో మేలుకుని కూర్చున్నప్పుడు మాస్కు ఒక్కటే, గొట్టం లేకుండా, చేత్తో పట్టుకుని మొహానికి ఆనించు. మర్నాడు పట్టీలు కూడా పెట్టుకో. ఆ తరువాత గొట్టం తగిలించి, గాలి వదిలి, టీవీయో పుస్తకమో చూస్తూ కాసేపు గడుపు. దాన్ని ఒక్క చేత్తో క్షణంలో తీసేయగలనన్న ధైర్యం వచ్చాక పగటి కునుక్కి వాడు, ఆపైన రాత్రికి. బంటిని పక్కన కూర్చోబెట్టుకో. తొండం ఉన్న అమ్మంటే వాడికి ఎటూ ఇష్టమే. ఈ వరుసలో తొందరపడ్డ రోజున ఒక మెట్టు వెనక్కు దిగితే నష్టమేమీ లేదు.

ఒకవేళ నువ్వు దాన్ని పూర్తిగా మానలేదనీ, సగం రాత్రి పెట్టుకుని తెల్లవారుజామున తీసేస్తున్నావనీ అనుకుందాం. అలాగైతే ఒక సంగతి తెలుసుకోవాలి. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే ఉంటుంది, ఆ సమయంలోనే గొంతు కండరాలు మరింత సడలిపోతాయి, చాలామందికి ఊపిరి ఆగడం అప్పుడే ఎక్కువ. నాలుగు గంటలు పెట్టుకున్నాను చాలదా అని బాబాయి కూడా అనేవాడు. నాలుగు గంటలన్నది కొన్నిచోట్ల బీమావాళ్లు పెట్టిన కనీసపు హద్దే గానీ, శరీరం పెట్టుకున్న హద్దు కాదు. నిద్రలో నీకు తెలియకుండానే చెయ్యి దాన్ని తీసేస్తే బెంగపడనక్కర్లేదు, మెలకువ వచ్చినప్పుడు మళ్లీ పెట్టుకుని పడుకోవడమే. మొదట్లో కొందరికి కలలు మరీ స్పష్టంగా, దండిగా వస్తాయి. ఇన్నాళ్లుగా దక్కని నిద్రను శరీరం రాబట్టుకుంటోందన్న మాట, భయపడకు. పొట్టలోకి గాలి చేరి ఉబ్బరంగా ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పు, ఒత్తిడి సరిచూస్తారు. అంకెలు నువ్వే మార్చుకోవద్దు. నిద్ర మాత్రలు వాళ్లను అడగకుండా వేసుకోవద్దు. పగటిపూట కళ్లు మూతలు పడుతున్నాయంటే కారు తాళం చెవి ప్రసాదు చేతికివ్వు, ఈ ఒక్క విషయంలో నేను బతిమాలడం లేదు, ఆజ్ఞాపిస్తున్నాను.

ఉపన్యాసం వద్దనుకుంటూనే ఇచ్చేశాను. ఇంకొక్కటి రాసి ఆపుతాను. ఈ పద్ధతిని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు కనిపెట్టి, తోటివారితో కలిసి 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు, అయిదుగురు రోగుల మీద చూసిన ఫలితాలతో. తొలినాటి యంత్రాలకు వాక్యూమ్ క్లీనర్ తరహా మోటార్లు వాడేవారట. ఇంట్లో వాడినవాళ్లు మాస్కును రాత్రిపూట జిగురుతో ముక్కుకు అంటించుకుని, పొద్దున్నే పీక్కునేవారట. ఆ మోత, ఆ జిగురు భరించి మరీ వాళ్లు దాన్ని వదిలిపెట్టలేదంటే, పొద్దున్నే లేచాక వాళ్లకు ఎలా ఉండేదో నువ్వే ఊహించుకో. నీకు వచ్చినది చప్పుడే వినబడని బుల్లి పెట్టె.

దుమ్ము పట్టి ఉంటే (బీరువా మీద పెట్టినదానికి దుమ్ము పట్టక మానదు) ముందు ఫిల్టరు చూడు, బూడిద రంగు తిరిగితే మార్చు. మాస్కు మెత్తను రోజూ మామూలు సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి, మొహం మీది జిడ్డు దానికి అంటుకుంటే లీకు మొదలవుతుంది. అదే కారణంగా పడుకునే ముందు మొహానికి క్రీము రాసుకోకు. నీటి తొట్టిలో డిస్టిల్డ్ వాటరే పోసి, మిగిలినది పొద్దున్నే పారబోయాలి. గొట్టం వారానికొకసారి కడిగితే చాలు. ఇవన్నీ నీకు తెలుసునని నాకు తెలుసు.

నాకు ఫోను చేసి మాట్లాడాలన్న నియమమేమీ లేదు, నీ తీరిక నీది. పొద్దున్నే లేవగానే యంత్రం తెర మీద వాడిన గంటలు, లీకు, ఏహెచ్ఐ కనిపిస్తాయి కదా, దాన్ని ఒక ఫొటో తీసి పంపు, చాలు. ఏహెచ్ఐ 5 లోపు ఉంటే బాగున్నట్టే. అంకెలు ఎలా ఉన్నా పంపు. గంటలు ఒకటిన్నర అని ఉన్నా సరే. మాస్కు ఏ సైజుదో మెత్త మీద అక్షరం ఉంటుంది, అది కూడా రాయి; తమ వాళ్లను అడిగి వేరే సైజులు చూపించే ఏర్పాటు చేయిస్తానని బాబాయి రోజూ నా ప్రాణం తీస్తున్నాడు.

ప్రసాదును అడిగానని చెప్పు. వానల సంగతి మళ్లీ ఎప్పుడైనా తీరిగ్గా మాట్లాడుకుందామని కూడా చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న

తా.క.: మీ అమ్మ పక్కన నిలబడి రాయమంటోంది. రాత్రిళ్లు జుట్టు నడినెత్తిన ముడి వేసుకుని పడుకుంటావు కదా, వెనక పట్టీ ఆ ముడి మీద నిలవక జారిపోతున్నదేమో చూసుకోమంటోంది. వదులుగా జడ వేసి, పట్టీ కింది నుంచి ముందుకు తీసుకోవాలట. బుగ్గ మీద పట్టీ ఒరుసుకుంటే మెత్తటి గుడ్డ తొడుగు కుట్టి పంపిస్తుందట, పట్టీ వెడల్పు ఎంతో కొలిచి రాయి.