‘25 శాతం’ పక్కన మిగతా అంకెలూ వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో బీపీ గురించి వచ్చిన కథనానికి ‘పై అంకె 120 లోపు ఉంటే గుండె ముప్పు 25 శాతం తక్కువ’ అని శీర్షిక పెట్టారు. అది అబద్ధం కాదు. 2015లో వెలువడిన స్ప్రింట్ అధ్యయనం చెప్పిన మాటే. కాకపోతే ఆ కథనం కత్తిరించి పట్టుకుని వచ్చినవాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సింది మాత్రం నాబోటి వాళ్లం. నేను ఆస్పత్రిలో మందుల కౌంటర్ దగ్గర కూర్చునే ఫార్మసిస్టును. మీ కాగితం చూపించి ఒకాయన “నాకు 134 ఉందమ్మా, ఇంకో మాత్ర కలపమని డాక్టరుగారికి మీరైనా చెప్పండి” అన్నారు. ఆయన వెనక వరుసలో ఉన్నావిడ అది విని, “అయితే మాత్ర వేసుకోకపోతే నలుగురిలో ఒకరం పోతామన్నమాట” అని కంగారుపడింది.

ఆవిడ చదువుకున్న మనిషే. శీర్షిక చూస్తే ఎవరికైనా అలాగే అర్థమవుతుంది.

స్ప్రింట్‌లో 9,361 మంది పాల్గొన్నారు. అందరూ 50 ఏళ్లు నిండినవాళ్లు, గుండెజబ్బు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ ఉన్నవాళ్లు. షుగర్ ఉన్నవాళ్లను, అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్లను అందులో చేర్చుకోలేదు. సగం మందికి బీపీ 140 లోపు, మిగతా సగం మందికి 120 లోపు ఉండేలా మందులిచ్చి మూడేళ్ల పైచిలుకు గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం లాంటివి కలిపి లెక్కేస్తే 140 గుంపులో 1000కి 68 మందికి వచ్చాయి, 120 గుంపులో 52 మందికి వచ్చాయి. తేడా 16 మంది. 68లో 16 అంటే ఇంచుమించు నాలుగో వంతు. ఏడాదికి ఎంతమంది అని లెక్కకట్టేసరికి అది 25 శాతం అయింది. మీ శీర్షికలోని అంకె అక్కడిదే.

ఇదే విషయాన్ని ఇంకోలా చెబుతాను. అలాంటి 1000 మంది అదనంగా మందులు వాడితే, మూడేళ్ల పైన, 16 మందికి గండం తప్పుతుంది. 52 మందికి మందులు పెంచినా వస్తుంది. మిగతా 932 మందికి పెంచకపోయినా ఏమీ వచ్చేది కాదు. ఆ 16 మందిలో మనం ఉన్నామో లేదో ఏ పరీక్షా ముందుగా చెప్పదు. చనిపోయినవాళ్ల లెక్క కూడా చెప్పాలి కదా: 1000కి 45 నుంచి 33కి తగ్గింది. చిన్న విషయమేమీ కాదు. మందు పనికిరాదని నేను అనడం లేదు, బాగానే పనిచేసింది.

రెండో వైపు కూడా అదే అధ్యయనంలో ఉంది. మీ కథనంలో లేదు. బీపీ మరీ పడిపోయి ప్రమాదకర పరిస్థితి వచ్చినవాళ్లు 1000కి 14 నుంచి 24కి పెరిగారు. స్పృహ తప్పినవాళ్లు 17 నుంచి 23కి, కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నవాళ్లు 25 నుంచి 41కి పెరిగారు. ఈ చివరి తేడా కూడా సరిగ్గా 16 కావడం కాకతాళీయం. దాన్ని చూసి ‘అక్కడ 16, ఇక్కడ 16, చెల్లుకు చెల్లు’ అనుకుంటే పొరపాటే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు. పక్షవాతం వస్తే అలా లేచి తిరగడం అందరి వల్లా కాదు. ఏ కష్టం ఎంత బరువో ఎవరికి వారే చెప్పుకోవాలి. నడకకు వెళ్లి, తన పనులు తాను చేసుకునే 60 ఏళ్ల మనిషైతే ఆ అదనపు మాత్ర వేసుకోమనే చెబుతాను. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడల్లా కళ్లు తిరిగి గోడ పట్టుకునే 82 ఏళ్ల ఒంటరి మనిషి విషయంలో అంత ధీమాగా చెప్పలేను. పడి తుంటి విరిగితే ఆవిడ జీవితం అక్కడితో మారిపోతుంది. ఇద్దరూ చదివింది మాత్రం మీ ఒక్క శీర్షికే.

ఇంకో సంగతి. స్ప్రింట్‌లో బీపీ చూసే పద్ధతి వేరు. మనిషిని 5 నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెట్టి, మెషీన్‌తో మూడుసార్లు చూసి సగటు తీశారు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, చొక్కా చేతి మీదే పట్టీ కట్టించుకుని చూపించుకున్న 134ని ఆ 120తో పోల్చడం కుదరదు. పైన చెప్పిన ఆయనను కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే అంకె తగ్గింది. అదనపు మాత్ర మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. కొంచెం నిరాశపడ్డట్టు కూడా కనిపించారు.

మందు డబ్బాలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది, చూసే ఉంటారు. చాలామంది విప్పకుండానే పారేస్తారు. దుష్ప్రభావాలు రాయడానికి చాలా కాగితాల్లో ఒక పద్ధతి పాటిస్తారు. ‘సాధారణం’ అంటే 100 మందిలో 1 నుంచి 10 మందికి, ‘అరుదు’ అంటే 10,000 మందిలో 1 నుంచి 10 మందికి. అంటే చెడు చెప్పేటప్పుడు మనుషుల్ని లెక్కపెడతారు. మంచి చెప్పాల్సి వచ్చేసరికి, ముఖ్యంగా ప్రచారంలోనూ వార్తల్లోనూ, శాతాల్లోకి వెళ్లిపోతారు. మేలు ‘25 శాతం’, కీడు ‘1000లో 16’. పక్కపక్కన పెడితే ఎవరి కళ్లకైనా మొదటిది కొండంత, రెండోది గోరంత కనిపిస్తుంది. పై లెక్కలో రెండూ ఒకటే అంకె!

ఇది తిరగబడిన సందర్భమూ ఉంది. 1995లో బ్రిటన్‌లో కొత్త తరం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని అధికారులు హెచ్చరించారు. పత్రికలు, టీవీలు అదే మాట పట్టుకున్నాయి. రెండింతలు నిజమే. 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది, అంతే. ఎంతోమంది బెదిరిపోయి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13,000 ఎక్కువయ్యాయని తరవాత అంచనా వేశారు. గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో వచ్చేదానికంటే ఎక్కువ. ‘7,000లో ఒకరు, ఇప్పుడు ఇద్దరు’ అని ఎవరైనా వేసి ఉంటే ఆ ఆడవాళ్లకు అంత టెన్షన్ ఉండేది కాదు.

నా కౌంటర్ దగ్గర ఎక్కువ గందరగోళం మాత్రం ఆస్పిరిన్‌తోనే. రక్తం గడ్డకట్టకుండా చూసే తెల్లటి చిన్న మాత్ర, అందరికీ తెలిసిందే. గుండెపోటు వచ్చిన 24 గంటల లోపే ఆస్పిరిన్ మొదలుపెడితే ఏమవుతుందో 1988లో వెలువడిన ఐసిస్-2 అనే పెద్ద అధ్యయనం చూసింది. ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవాళ్లు మాత్ర లేని గుంపులో 1000కి 118, మాత్ర వేసుకున్న గుంపులో 94. నెల రోజుల మాత్రలతో 1000కి 24 ప్రాణాలు. వైద్యంలో ఇంత తేలికగా ఇంత మేలు దొరకడం తక్కువ.

అదే మాత్రను గుండెజబ్బు లేని షుగర్ రోగులకిచ్చి ఏడేళ్లకు పైగా చూసిన అసెండ్ అధ్యయనం 2018లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి 1000కి 96 నుంచి 85కి తగ్గాయి. తీవ్ర రక్తస్రావాలు 32 నుంచి 41కి పెరిగాయి. 11 మందికి లాభం, 9 మందికి నష్టం. అదే ఏడాది వచ్చిన ఆస్‌ప్రీ అనే మరో అధ్యయనంలో పాల్గొన్నవాళ్లు చాలావరకు 70 దాటి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. వాళ్లు వైకల్యం లేకుండా బతికిన కాలం ఆస్పిరిన్ వల్ల ఏమీ పెరగలేదు. తీవ్ర రక్తస్రావాలు మాత్రం 1000కి 28 నుంచి 38కి పెరిగాయి.

అప్పట్లో ‘ఆస్పిరిన్ దండగ’ అన్న తరహా వార్తలు చాలా వచ్చాయి. ఎవరికి దండగ అన్న ముక్క ఎక్కడో ఐదో పేరాలో ఉండేది. గుండెలో స్టెంట్ వేయించుకున్న ఒక పెద్దాయన వచ్చి, మందుల చీటీలో ఆస్పిరిన్ దగ్గర వేలు పెట్టి, “ఇది తీసేయమ్మా, పేపర్లో వేశారుగా, మానేశాను” అన్నారు. నాకు గుండె జారినంత పనైంది. స్టెంట్ ఉన్న మనిషి చెప్పాపెట్టకుండా ఆ మాత్ర మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చు. ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి డాక్టరుగారికి ఫోన్ చేశాను. పేపర్లో వేసింది తప్పు కాదు. ఆయన గురించి వేసింది కాదు, అంతే. ఆయనకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?

అధ్యయనాల పట్టికల్లోకి ఎక్కని ఖర్చులు కూడా కొన్ని ఉంటాయి. నేను డబ్బు గురించి అనడం లేదు. ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవాళ్లను చూడండి. ప్రయాణం ఉన్న రోజు, పెళ్లికి వెళ్లే రోజు వేసుకోరు. గంటకోసారి బాత్రూమ్ వెతుక్కోవాలంటే ఎవరికైనా చిరాకే. డాక్టరు అడిగితే రోజూ వేసుకుంటున్నామనే చెబుతారు. మాకు మాత్రం తెలిసిపోతుంది, స్ట్రిప్ అయిపోవాల్సిన తేదీకి సగం మాత్రలు మిగిలి ఉంటాయి. రక్తం పలచబరిచే కొన్ని మందులు వాడేవాళ్లకు పదే పదే రక్తపరీక్షలు, తోడు రావడానికి కొడుక్కో కూతురికో సెలవు. ఏ జబ్బూ లేదనుకున్న మనిషి ఒక మాత్ర మొదలుపెట్టగానే తనను తాను రోగిగా చూసుకోవడం మొదలుపెట్టడం కూడా నేను చూశాను. ఇవన్నీ కలిపితే ఒక్కోసారి కాగితం మీది మేలు కరిగిపోతుంది, ఒక్కోసారి కరగదు. కానీ ఎవరైనా అడిగితేనే కదా తెలిసేది. ‘ఈ మాత్రతో మీకు ఏం ఇబ్బందిగా ఉంది’ అని అడిగించుకున్న రోగులు నాకు తక్కువగానే తగిలారు.

ఏది తగ్గింది అన్నది కూడా చూడాలి. గుండెపోటు తరవాత గుండె లయ తప్పితే ప్రాణం పోవచ్చని, ఆ లయను మందుతో సరిచేస్తే మనుషులు బతుకుతారని ఒకప్పుడు నమ్మేవాళ్లు. ఈసీజీలో చూస్తే మందు చక్కగా పనిచేస్తోంది. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి అమెరికాలో క్యాస్ట్ అనే అధ్యయనం చేస్తూ, ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే రెండు మందుల భాగాన్ని 1989లో మధ్యలోనే ఆపేశారు. రెండు గుంపుల్లోనూ దాదాపు 750 మంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 26 మంది పోతే, అసలు మందు వేసుకున్నవాళ్లలో 63 మంది పోయారు. ఈసీజీ గీతలు బాగుపడ్డాయి, మనుషులు పోయారు. అందుకే ‘కొలెస్ట్రాల్ ఇంత తగ్గించింది’, ‘గడ్డ ఇంత కుంచించుకుపోయింది’ అని వార్త వస్తే నేను వెంటనే సంబరపడను. మనిషి ఎక్కువ కాలం బతికాడా, హాయిగా బతికాడా అని చూస్తాను. ఆ సమాధానం ఒక్కోసారి కొన్నేళ్ల తరవాత గానీ రాదు.

ఇలాంటి అంకెలు వేస్తే జనం భయపడి మందులు మానేస్తారని నాతో పనిచేసే డాక్టర్లే కొందరు అంటారు. వాళ్ల భయాన్ని తీసిపారేయను, స్టెంట్ పెద్దాయన్ని చూశాక అసలే తీసిపారేయను. కానీ ఆయన చేత మాత్ర మాన్పించింది అంకెలు కాదు, అంకెలు లేని శీర్షిక. సరైన లెక్క చెబితే మందు మీద గురి పెరిగినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. ‘1000 మందిలో 24 ప్రాణాలు’ అని ఐసిస్-2 లెక్క చెప్పాకే ఆ పెద్దాయన చీటీ మళ్లీ నా చేతిలో పెట్టారు.

కాబట్టి నా మనవి ఇది. ఏదైనా మందు గురించో ఆపరేషన్ గురించో పరీక్ష గురించో రాసేటప్పుడు శాతం వేయండి, దాని పక్కనే అది వాడనివాళ్లలో 1000కి ఎంతమందికి జబ్బు వచ్చిందో, వాడినవాళ్లలో ఎంతమందికి వచ్చిందో, ఎన్నేళ్లలోనో వేయండి. కీడు కూడా అదే 1000 మీద చెప్పండి. ఆ 1000 మంది ఎలాంటివాళ్లో, వాళ్ల వయసెంతో, అప్పటికే జబ్బు ఉన్నవాళ్లో కాదో ఒక్క వాక్యంలో రాస్తే చదివేవాళ్లు అది తమ సంగతో కాదో తేల్చుకుంటారు. శీర్షిక పొడవైపోతుందని మీ డెస్క్ వాళ్లు అంటారేమో. శీర్షికలో వద్దు, కింద చిన్న బాక్సు కట్టి వేయండి. కంపెనీ పంపిన ప్రకటనలో ఆ అంకెలు లేకపోతే లేవనే రాయండి. అది కూడా వార్తే.

ఆ బీపీ కథనానికి కావాల్సిన లెక్కలు పైన ఇచ్చాను. స్థలం చాలకపోతే ఈ ఉత్తరంలో మిగతాదంతా కత్తిరించి, గుండె లెక్కలోని 68, 52, కిడ్నీల లెక్కలోని 25, 41 అన్న నాలుగు అంకెలు, అవి ఏమిటో చెప్పే రెండు లైన్లు మాత్రం వేసుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ఫార్మసిస్టు