చెవి సంగతి

చిన్నీ నాన్నా,

ఆవకాయ రెండు సీసాలు పంపుతున్నా. ఒకటి వెల్లుల్లిది, ఒకటి పెసరావకాయ. తడి చెంచా పెట్టకు. గేదె ఈనింది, పెయ్యదూడ. నువ్వు 10 రోజులుగా ఫోన్ చెయ్యకపోతే పనిలో ఉన్నావులే అనుకున్నా. నాన్నగారి మోకాలు నయం.

నిన్న పండుగాడు నోరు జారాడు. నీకు చెవి మళ్లీ కారుతోందట, తలనొప్పని ఆఫీసుకూ వెళ్లలేదట. నాతో చెప్పొద్దన్నావట.

తిట్టనులే. చిన్న మామయ్య సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నీకు మూడేళ్లు. వాడి చెవిలో చీము చిన్నప్పటి నుంచీ ఉన్నదే కదా అని ఎవరం పట్టించుకోలేదు. ఆ వానాకాలం జ్వరం, తలనొప్పి, వాంతులు. ఊళ్లో డాక్టరు మామూలు జ్వరమని బిళ్లలిచ్చాడు. రెండు రోజులు అలా పోయాయి. మూడోనాడు తెల్లారి లేపితే నన్ను గుర్తుపట్టలేదు. మెడ కర్రలా బిగుసుకుపోయింది. గుంటూరు దారిలో, జీపులో, నా ఒళ్లోనే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో రక్తం తీసి, స్కానింగ్ కోసం ఆగకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టారు. తర్వాత వెన్నులోంచి నీరు తీశారు. తేటగా ఉండాల్సింది, బియ్యం కడుగులా వచ్చింది. చెవిలోని న్యుమోకాకస్ అనే బాక్టీరియా క్రిమి మెదడు పొరల్లోకి పాకిందన్నారు, దాన్నే మెనింజైటిస్ అంటారట. మెదడు వాస్తే పుర్రెలో చోటుండదు, స్పృహ పోతుంది. రక్తనాళాలు మూసుకుపోతే పక్షవాతం. లోపలి నీరు కదలక నిలిచిపోతే ఆపరేషన్. క్రిమి రక్తంలో కలిస్తే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు. డాక్టరు చెబుతుంటే అమ్మమ్మ గోడ పట్టుకుని కూలబడిపోయింది. 14 రోజుల ఇంజెక్షన్లతో బతికాడు, వినికిడి చాలావరకు పోయింది. ప్రతిదీ రెండుసార్లు అడుగుతాడని మీరు నవ్వేవాళ్లు కదా, అది అందుకే.

ఇలా బాక్టీరియా వల్ల మెనింజైటిస్ వస్తే ఆరుగురిలో ఒకరు పోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కారిన ప్రతి చెవీ అలా కాదు, నాకూ తెలుసు. కానీ జ్వరం, తలనొప్పి, మెడ పట్టెయ్యడం, మనిషి మత్తుగా అయిపోవడం, అన్నీ కలిసే రావాలని లేదు. రెండు కనిపించినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లు. నీ రూమ్‌లో అబ్బాయికి ఇది చదివి వినిపించు. ఆ జబ్బులో మనిషికి తన స్థితి తనకి తెలీదు నాన్నా.

చెవిలో నూనె పొయ్యకు, పుల్ల పెట్టకు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ బిళ్లలు వేసుకోకు. స్నానానికి ముందు దూదికి వ్యాజలీన్ రాసి పెట్టుకో. ఈ ఉత్తరం అందిన రోజే చెవి డాక్టరు దగ్గరకెళ్లి, ఆ న్యుమోకాకస్ క్రిమికి వేసే న్యుమోనియా టీకా సంగతీ అడుగు. చీటీ ఫోటో పండుకి పంపు, వాడు నాకు చదివి పెడతాడు.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ దగ్గరే కూర్చుంటా. నీ మంచి చెవికి పెట్టుకుని మాట్లాడు.

అమ్మ