కేసు వేసింది ఆమె కాదు, కంపెనీ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో తొలినాటి రంగుల సినిమాల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో ‘గాడ్స్ కంట్రీ అండ్ ది ఉమన్’ (1937) గురించి రాసింది నాలుగు వాక్యాలే. వాటిలో మూడు తప్పులున్నాయి.

మొదటిది చిన్నది. అది హాలీవుడ్ మొదటి రంగుల సినిమా కాదు. మూడు రంగుల టెక్నికలర్ అనే చిత్రీకరణ పద్ధతిలో వచ్చిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం 1935 నాటి ‘బెకీ షార్ప్’. ఆ మరుసటి ఏడాదే పారమౌంట్ వాళ్లు అదే పద్ధతిలో కొండల్లోకి, చెట్ల మధ్యకి కెమెరా తీసుకెళ్లారు. విలియం కీలీ తీసిన ఈ సినిమా వార్నర్ బ్రదర్స్‌కి మాత్రమే ఆ పద్ధతిలో మొదటిది. మన దేశంలోనే తయారైన మొదటి రంగుల సినిమా ‘కిసాన్ కన్య’ కూడా 1937లోదేనని పక్కన ఒక ముక్క రాసి ఉంటే బాగుండేది.

మిగతా రెండూ నాకు వృత్తిరీత్యా మింగుడుపడనివి. నలభై ఏళ్లకు పైగా సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసినవాణ్ణి. ‘పారితోషికం చాలక బెట్టీ డేవిస్ కోర్టుకెక్కింది’ అని రాశారు. కోర్టుకెక్కింది ఆ హాలీవుడ్ నటి కాదు. 1936లో ఈ సినిమాలో వేషం వెయ్యనంటే, ఒప్పందం రాయించుకున్న వార్నర్ కంపెనీ ఆమెను జీతం లేకుండా సస్పెండ్ చేసింది. ఒప్పందంలో ఇంకో క్లాజు ఉంది: సస్పెన్షన్‌లో ఉన్న రోజుల్ని ఒప్పందం గడువుకు చివర కలిపేసుకోవచ్చట. ఆమె ఇంగ్లండ్ వెళ్లి వేరే నిర్మాతకు సంతకం పెట్టారు. అప్పుడు లండన్‌లో దావా వేసింది వార్నర్ కంపెనీ. ఆమె ఎక్కువ డబ్బు అడిగిన మాట నిజమే, కానీ పాత్రల మీదా ఆ సస్పెన్షన్ పద్ధతి మీదా ఆమెకున్న అభ్యంతరం తక్కువది కాదు. ‘అంతా డబ్బు కోసమే’ అన్నది కంపెనీ తరఫున వాదించిన సర్ పాట్రిక్ హేస్టింగ్స్. మీ వ్యాసకర్త వాది లాయరు మాటను పట్టుకుని చరిత్రగా రాసేశారు.

మూడో తప్పు మరీ పెద్దది. ‘వార్నర్ సినిమాల్లోనే నటించాలని కోర్టు ఆమెను ఆదేశించింది’ అన్నారు. అలా ఏ కోర్టూ ఆదేశించదు. ఇష్టం లేని మనిషి చేత చాకిరీ చేయించే డిక్రీ ఉండదు. జస్టిస్ బ్రాన్సన్ ఇచ్చింది ఇంజంక్షన్: ఒప్పందంలో మిగిలిన గడువు, లేదా మూడేళ్లు, ఏది తక్కువైతే అంతకాలం మరొకరి కోసం నటించకూడదు. వేరే పని ఏదైనా చేసుకుని బతకొచ్చు, తెలివైన మనిషి కదా అన్నారు జడ్జిగారు. నటికి నటన మూసేసి మిగతా దారులన్నీ తెరిచే ఉన్నాయనడం, నా మట్టుకు నాకు, గట్టి తర్కం కాదు.

ఇదే వార్నర్ బ్రదర్స్ వర్సెస్ నెల్సన్ కేసు (నెల్సన్ ఆమె అత్తింటి పేరు). మన లా కాలేజీల్లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 42వ సెక్షన్ (ఒప్పందంలో ‘చెయ్యను’ అని ఇచ్చిన మాటను తప్పకుండా కోర్టు ఆపగలదనే సెక్షన్) దగ్గర పిల్లలు దీన్ని చదువుతారు. దీని వెనక ఒక కలప సినిమా ఉందని వాళ్లలో ఎందరికి తెలుసో! ఆ సినిమా కథేమో రస్సెట్, బార్టన్ అనే రెండు పోటీ కలప కంపెనీల గొడవ. రస్సెట్ యజమాని తమ్ముడు పేరు మార్చుకుని బార్టన్ వాళ్ల క్యాంపులో పనికి చేరతాడు. పోటీవాడి దగ్గర చేరినవాడి కథలో నటించనన్న ఆవిడకి, పోటీవాడి దగ్గర చేరకూడదని తీర్పొచ్చింది!

1967లో మన సుప్రీంకోర్టు ముందుకీ ఇలాంటిదే వచ్చింది. కల్యాణ్‌లోని సెంచురీ టైర్ కార్డ్ ఫ్యాక్టరీలో శిక్షణ పొందిన షిఫ్ట్ సూపర్‌వైజర్ ఒకరు గడువు తీరకముందే కోటాలోని పోటీ కంపెనీకి వెళ్లారు. ఆయన మీద ఇచ్చిన ఇంజంక్షన్‌ను కోర్టు సమర్థిస్తూ నెల్సన్ కేసును కూడా ప్రస్తావించింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన పిల్లలు బాండ్ కాగితాలు పట్టుకుని టెన్షన్‌తో నా దగ్గరికి వస్తుంటారు. ఒప్పందం నడుస్తుండగా ఉండే ఆంక్ష వేరు, ఉద్యోగం మానేశాక కూడా వెంటాడే ఆంక్ష వేరు, రెండోదానికి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అడ్డం వస్తుందని చెబుతుంటాను.

సినిమా గొప్పదని నేను అనను. కథ పాతదే, హాస్యం మోటు. కానీ పచ్చటి మానులు రంగుల్లో కూలుతుంటే కళ్లప్పగించి చూస్తాం. ఏజెన్సీ నుంచి గోదావరి మీద తెప్పలుగా కలప దిగిన ఊరు మాది, అడితుల మధ్య పెరిగినవాణ్ణి, దుంగ కనిపిస్తే కన్ను దాని మీదికే పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బార్టన్ కంపెనీని నడిపేది జో అనే ఆడమనిషి. అంతమంది గొడ్డలి పట్టిన మగాళ్లకి ఆర్డర్లు వేసే వేషం. నా లెక్కలో అది వదులుకోవాల్సినంత చెత్త పాత్ర కాదు. అంతకుముందే 1936లో ఆస్కార్ అందుకున్న డేవిస్‌కి అలా అనిపించలేదు, అది ఆమె ఇష్టం.

ఆ వేషం వేసిన నటి బెవర్లీ రాబర్ట్స్. మీ వ్యాసంలో వెయ్యనన్న నటి ఫొటో ఉంది, వేసిన నటి పేరైనా లేదు. సవరణ ప్రచురించేటప్పుడు ఆ పేరు కూడా వెయ్యగలరు.

ఇట్లు,
ఒక సీనియర్ న్యాయవాది,
రాజమహేంద్రవరం